నడకను లెక్కించు యంత్రము, నడువవలసిన యిల్లాలు

"నడువుడు" అని వైద్యులు చెప్పుట క్రొత్త కాదు. చక్కెరవ్యాధి కలవారితోను, రక్తపు పోటు కలవారితోను, మోకాళ్లు పట్టివేసిన వారితోను వారు మొదట చెప్పున దిదియే. విని యింటికి వచ్చినవారిలో మూడు దినములు నడచినవా రెక్కువ, మూడు మాసములు నడచినవారు తక్కువ. వైద్యుడు చెప్పిన మాట అందఱికిని ఒక్కటియే. నడువవలసినవారి బ్రదుకులు మాత్రము వేఱువేఱు. ఈ చిక్కును తీర్చుటకై ఆరోగ్యశాస్త్రజ్ఞులును కంప్యూటరు నిపుణులును కలిసి ముప్పది యేండ్లకు పైగా చేయుచున్న యొక ప్రయత్నమును గుఱించి యీ మాసమున ముచ్చటింప దలచితిమి. ఒక్కొక్క మనిషిని విడివిడిగా ప్రశ్నించి, ఆ జవాబులను బట్టి ఆ మనిషికే తగిన సలహా నిచ్చు ప్రోగ్రాములవి. నేడవి యాప్‌ల రూపమున చేతిఫోనులలోనికి వచ్చియున్నవి. నిజామాబాదు పట్టణమునను, బోధను చుట్టుపట్ల చెఱకు పల్లెలయందును ఉన్న మన సోదరీమణుల కవి యెంతవఱకు పనికివచ్చునో చూతము.

మొదట, ఎంత కదలిక చాలును? ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020లో ప్రకటించిన నియమములను బట్టి పెద్దవారు వారమునకు 150 మొదలు 300 నిమిషముల వఱకు ఒక మోస్తరు శ్రమ గల కదలిక చేయవలెను. లేదా 75 మొదలు 150 నిమిషములు గట్టి శ్రమ చేయవలెను. వారమునకు రెండు దినములైనను కండరములకు బలము నిచ్చు పనులుండవలెను. 65 ఏండ్లు నిండినవారు తూలి పడకుండ నిలుకడ నిచ్చు అభ్యాసములను వారమునకు మూడు దినములు చేయుట మేలు. "ఒక మోస్తరు" అనగా నెంత యని యడుగుదు రేమో. నడచుచు మాటలాడగలిగి, పాట పాడలేకపోయినచో అది యొక మోస్తరు శ్రమ. ఇంతకంటె సులభమైన కొలత యింటిలో దొరకదు. పది నిమిషములు తెంపు లేకుండ నడచిననే లెక్కకు వచ్చునను పాత నియమమును 2020లో తీసివేసిరి. అయిదు నిమిషములైనను లెక్కయే.

ఈపాటి కదలికయు లేనివారు 2022లో ప్రపంచమందలి పెద్దవారిలో నూటికి 31 మంది యని 2024లో వెలువడిన లెక్కలు చెప్పుచున్నవి. మన దేశమున వారు దాదాపు సగము మంది. అందును స్త్రీలలో నూటికి 57 గురు, పురుషులలో 42 గురు. దినమంతయు పని చేయుచున్నది స్త్రీయే గదా, కదలిక తక్కువయైన దామెకెట్లు అని మా పాఠకురాండ్రు విస్తుపోవచ్చును. ఇంటిపనిలో బిరబిర సాగునది లెక్కకు వచ్చును, సందేహము లేదు. కాని పొయ్యి ముందఱ రెండు గంటలు నిలుచుట నడక గాదు; కూరగాయలు తఱుగుట నడక గాదు. రోలు, రోకలి, తిరుగలి మూలకు చేరినవి. నీరు కుళాయిలో వచ్చుచున్నది. వరికోతకు యంత్రము వచ్చినది. ఆ చాకిరి తగ్గుటను మేము మనసార మెచ్చుకొందుము. రోకటిపోటును తిరిగి రమ్మనువారు తాము దంచి చూపవలెను. అయినను, శరీరమునకు దొరకుచుండిన శ్రమ పోయి, దాని చోట మఱియొకటి రాలేదన్నది నిజము.

ఇందూరు సీమయందు ఈ మాట మఱింత నిజము. నిజాంసాగరు నీటి చలువతో చెఱకు పండి, 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారముచే బోధనునకు శక్కర్‌నగరమను పేట యేర్పడినది. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. చక్కెర మిల్లు మూతపడినను చక్కెరవ్యాధి మాత్రము ఊరు విడువలేదు. 2023లో ప్రకటించిన భారత వైద్య పరిశోధనా మండలివారి సర్వేను బట్టి దేశమున ఆ వ్యాధిగలవారు పది కోట్లకు పైబడిరి. ఇక జిల్లాలో వేలకొలది స్త్రీల జీవనాధారము బీడీ. తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, దారము కట్టి, తెల్లవాఱినది మొదలు దీపములు పెట్టువఱకు చేటను ఒడిలో నుంచుకొని కూర్చుండవలసిన పని యది. చేతులు క్షణము నిలువవు. కాళ్లు గంటలకొలది కదలవు. పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ పదమూడవయేట 2014 మే 25న ఎవరెస్టు శిఖరమెక్కినది. నిజామాబాదు ఆడుబిడ్డ నిఖత్ జరీను 2022లోను, మఱల 2023లోను బాక్సింగులో ప్రపంచ విజేత యైనది. ఇట్టి బిడ్డలను గన్న జిల్లాలోనే తల్లుల నడుములు చేట ముందఱ పట్టుకొనిపోవుచున్నవి.

ఇప్పుడు ప్రోగ్రాము పని చేయు విధమును చెప్పుదుము. ప్రోఛాస్కా, డిక్లెమెంటి యను ఇరువురు అమెరికా మానసిక శాస్త్రజ్ఞులు 1983లో, పొగత్రాగుట మానుకొనువారిని పరిశీలించి, మనుష్యుడు అలవాటు మార్చుకొనుట ఒక్కమారుగా జరుగదనియు, మెట్లుమెట్లుగా జరుగుననియు వ్రాసిరి. ఒకరికి ఆ యూహయే లేదు. ఒకరు చేయుదమా, వలదా యని యూగుచుందురు. ఒకరు రేపు మొదలిడుదమని యున్నారు. ఒకరు మొదలిడిరి. ఒకరు ఆరు మాసములుగా నిలుపుకొన్నారు. ఊహయే లేనివారితో "దినమునకు గంటసేపు నడువుడు" అనిన విసుగు పుట్టును. ఆరు మాసములుగా నడచుచున్నవారితో "నడక మంచిది" అనిన నవ్వు వచ్చును. ప్రోగ్రాము ముందుగా మీరే మెట్టు మీద నున్నారో ప్రశ్నలతో తెలిసికొనును. తరువాత అడ్డంకులను అడుగును: సమయమా, మోకాలి నొప్పియా, కుక్కల భయమా, అత్తగారి మాటయా? ఇప్పుడెన్ని యడుగులు వేయుచున్నారో చూచును. దానిపై గొంచెము మాత్రమే హెచ్చించి లక్ష్య మొసగును. దినమునకు 3,000 అడుగులు వేయునామెకు 3,500 చెప్పును గాని 10,000 చెప్పదు. వారము తరువాత ఫలితమును జూచి లక్ష్యమును పెంచుటయో, తగ్గించుటయో చేయును. 1990ల యందు ఇట్టి సలహాను కంప్యూటరు ఉత్తరముగా అచ్చువేయగా తపాలాలో పంపెడివారు. ఇప్పుడు ఫోనులో క్షణమున వచ్చును.

పదివేల యడుగుల మాట వచ్చినది గనుక ఒక ముచ్చట. ఆ సంఖ్య వైద్యులు తేల్చినది కాదు. 1965లో జపానులో ఒక వర్తక సంస్థ అడుగులు లెక్కించు చిన్న యంత్రమును విక్రయించుచు, దానికి "పదివేల యడుగుల కొలమానము" అను అర్థము వచ్చు పేరు పెట్టినది. అది లోకమంతట పాకినది. 2019లో అమెరికాలో వెలువడిన పరిశోధనలో సగటున 72 ఏండ్ల వృద్ధస్త్రీలను పరిశీలింపగా, దినమునకు 2,700 అడుగులు వేయువారికంటె 4,400 వేయువారిలో మరణములు స్పష్టముగా తగ్గినవనియు, 7,500 దాటినపిదప లాభము పెరుగలేదనియు తేలినది. పదివేలు కాలేదని దిగులుపడి మానుకొనువారు ఈ మాటను గుర్తుంచుకొందురు గాక.

ఇట్టి వ్యక్తిగత సలహా మన ప్రాంతములలో పనిచేయునా? దక్షిణ భారతమున పది చోట్ల 2009 మొదలు 2012 వఱకు ఒక పరీక్ష జరిగినది. చక్కెరవ్యాధి వచ్చు సూచనలున్న 537 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమువారికి వారి వారి మెట్టునకు తగినట్లు ఆహారమును, వ్యాయామమును గుఱించి ఫోనునకు చిన్న సందేశములను పంపిరి. రెండవ భాగమువారికి మొదట నొక్కసారి సలహా చెప్పి విడిచిరి. రెండేండ్లలో సందేశములందినవారిలో నూటికి 18 మందికి వ్యాధి రాగా, అందనివారిలో 27 మందికి వచ్చినది. మంచి ఫలితమే. కాని యా 537 మందియు పురుషులే! ఉద్యోగములు చేయు 35 మొదలు 55 ఏండ్ల పురుషులు. కార్యాలయమునకు పోవు మగవానికి పనికివచ్చిన సందేశము, చేట ముందఱ కూర్చున్న యాలికి పనికివచ్చునని యెవరు చెప్పగలరు? ఆమెను అడిగినవారు లేరు గదా.

అడిగిన చోట సమాధానము దొరకినది. అమెరికాలో సాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున స్పానిషు భాష మాటలాడు లాటినో కుటుంబములలోని యేబది యేండ్లు దాటిన 245 మందితో ఒక పరీక్ష చేసి 2020లో ఫలితములను ప్రకటించిరి. వారిలో అయిదింట నాలుగు వంతులు స్త్రీలు. చాలమందికి కంప్యూటరు అలవాటు లేదు. కొందఱికి పొరుగువారిలోనే తర్ఫీదు పొందినవారు నడకను గుఱించి సలహా చెప్పిరి. మిగిలినవారికి పేటలోని సమాజ భవనమున నుంచిన కంప్యూటరు తెఱమీద ఒక స్త్రీ బొమ్మ, వారి భాషలోనే, నోటిమాటతో ప్రశ్నలడిగి సలహా చెప్పినది. జవాబు వ్రాయనక్కఱలేదు, తెఱను వ్రేలితో తాకిన చాలును. ఏడాది గడచునప్పటికి రెండు తెగలవారికిని వారపు నడక రెండు గంటలకు పైగా పెరిగినది. యంత్రము పొరుగామెకు తీసిపోలేదు. ఆ యంత్రమునకు వారి మాట వచ్చును. వారు కూడు చోట అది యున్నది. దానిని చూపించుటకు మనుష్యులున్నారు. ఈ మూడింటిలో మన ఫోనులకు ఎన్ని యున్నవో చూచుకొనవలెను. తెలుగున వచ్చు యాప్‌లు కొన్ని "శారీరక క్రియాశీలత స్థాయిని నమోదు చేయండి" అని యడుగుచున్నవి. అత్తగారికి కాదు సరిగదా, కోడలికిని అది యర్థమగుట కష్టము.

మనుష్యుని తోడు లేక ప్రోగ్రామునే నమ్ముకొన్న చోట్ల, కదలిక కొంచెమే పెరుగుననియు, కొన్ని మాసములకు ఆ పెరుగుదలయు కరగుననియు గూడ పరిశోధనలు చెప్పుచున్నవి. యాప్ దించుకొనగనే ఆరోగ్యము వచ్చునని చెప్పు ప్రకటనలను నమ్మవలదు.

ఇక ఫోను అడుగులను లెక్కించుట యెట్లో తెలిసికొనుట అవసరము. ఫోనులో కదలికను గుర్తించు మిక్కిలి చిన్న పరికరము కలదు. మీ శరీరముతోపాటు ఫోను ఊగినప్పుడే అది అడుగును లెక్కవేయును. మగవాని చొక్కాకు జేబున్నది. ఫోను దినమంతయు ఆతని మేనిమీదనే యుండును. చీరకు జేబు లేదు. మన ఫోను వంటయింటి గూటిలోనో, టీవీ ప్రక్కనో పడియుండును. సాయంకాలమునకు అది "ఈ దినము మీరు 412 అడుగులు వేసితిరి" అని చెప్పును! చేతికి కట్టుకొను పట్టీ కొనిన దీనికి మందా యనిన, సగము మందే. పట్టీ చేతి కదలికను నడకగా భ్రమించుట కలదు. జొన్నరొట్టెను తట్టునప్పుడు, బీడీలు చుట్టునప్పుడు కూర్చున్నచోటనే అది యడుగులను లెక్కపెట్టవచ్చును. పైగా ఫోను ఎవరిది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి, తాము స్వయముగా వాడుకొను ఫోను గల స్త్రీలు దేశమున నూటికి 54 గురే. ఒకే ఫోనును కుమారుడు కళాశాలకు, భర్త దుకాణమునకు తీసికొనిపోయిన యింట, ఆ లెక్క యెవరి నడకదో పరమాత్మునికే యెఱుక. కావున నడకకు పోవునప్పుడు ఫోనును చిన్న గుడ్డసంచిలో వేసి నడుమునకు కట్టుకొనుడు. పాత రవికగుడ్డతో అట్టిది గంటలో కుట్టవచ్చును. లేదా యడుగుల లెక్క విడిచి నిమిషముల లెక్క పట్టుడు, గోడగడియారము చాలును.

బీడీలు చుట్టు ఒక సోదరి ననుకొందము. నలువది యేండ్లు, పది గంటలలో వేయి బీడీలు చుట్టును. ఆమెకు "అరగంట నడువుడు" అని యాప్ చెప్పిన, అరగంట యనగా ఏబది బీడీలు. ఆ యేబది కూలి ఎవరిత్తురు? మేము చూచిన యాప్‌లలో "మీరు బీడీలు చుట్టుదురా?" అని యడిగినది యొక్కటియు లేదు. అడిగినచో దాని సలహా వేఱుగా నుండెడిది. నాలుగు కట్టలు పూర్తియైనప్పుడెల్ల లేచి రెండు నిమిషములు తిరుగుడు. మునివ్రేళ్లమీద పదిమారులు లేచి దిగుడు. భుజములను, మెడను త్రిప్పుడు. కార్ఖానాకు పిల్లవానిని పంపక స్వయముగా నడచి పోవుడు. పోను పది నిమిషములు, రాను పది నిమిషములైనచో ఆఱు దినములకు 120 నిమిషములు. ఆదివారము మఱి ముప్పది నిమిషములు కలిసినచో 150 నిండినవి. కూలి యొక్క బీడీకైన తగ్గలేదు. నిజమైన వ్యక్తిగత సలహా యనిన నిట్టిది. యాప్ అడుగకున్నను, చాల యాప్‌లలో గుర్తుచేయు గంటను మనమే పెట్టుకొను వీలున్నది. పనికి తగినట్లు దానిని మార్చుకొనుడు. ఉదయము ఆఱు గంటలకు అది మ్రోగిన, నీళ్లు పట్టుకొను వేళలో వినువా రెవరు?

ఏ యాప్‌ను పెట్టుకొనవలెను? 2021 ఆగస్టు 29న కేంద్ర ప్రభుత్వమువారు విడుదల చేసిన ఫిట్ ఇండియా యాప్ కలదు; దానికి రుసుము లేదు. మఱియే దానినైనను ఎన్నుకొనునపుడు ఈ సంగతులు చూడుడు. మొదటనే ప్రశ్నలడుగక అందఱికి నొకే లక్ష్యము పెట్టునది వ్యక్తిగతము కాదు. ప్రథమ దినముననే సొమ్మడుగునది వలదు. నడకను లెక్కించుటకు మీ ఫొటోలు, ఫోను నంబరుల పట్టిక చూపుమని యడిగినచో, "ఒల్లము" అను మీట నొక్కుడు. మీ బరువు, మీ వ్యాధి, మీ బహిష్టు దినములు మీ సొంత విషయములు. అట్టి సమాచారమును కాపాడుటకు 2023లో చట్టము గూడ చేసిరి.

ఇంకొక కంప్యూటరు లెక్క మనము పిలువకయే మన గుమ్మమునకు వచ్చును. ముప్పది యేండ్లు దాటినవారి యింటికి ఆశా కార్యకర్త వచ్చి యొక పత్రమును నింపును. అందు వయస్సు, పొగాకు, మద్యము, నడుము చుట్టుకొలత, కుటుంబమున రోగములు, వారమునకు 150 నిమిషముల వ్యాయామము కలదా లేదా యను ప్రశ్నలుండును. స్త్రీకి నడుము 80 సెంటీమీటర్లు దాటిన ఒక గుణము, 90 దాటిన రెండు. మొత్తము నాలుగు దాటినచో పరీక్షలకు ముందుగా పిలుతురు. చాల యిండ్లలో ఈ ప్రశ్నకు ఇల్లాలు నోరు విప్పులోపలనే ప్రక్కనున్నవారు "దినమంతయు పనియే గదా, వ్రాసికొమ్ము" అందురు. ఆ జవాబుతో ఆమె గుణము ఒకటి తగ్గును, పరీక్ష వెనుకబడును. గుణము తక్కువ రావలెనని చదువుల పరీక్ష గాదు గదా యిది. ఉన్నదున్నట్లు చెప్పిన లాభము మనదే.

కొన్ని జాగ్రత్తలు. ఛాతిలో నొప్పి గాని, మితిమీఱిన ఆయాసము గాని, కన్నులు తిరుగుట గాని కలిగినచో యాప్ ఏమి చెప్పినను ఆగి వైద్యుని చూడవలెను. చక్కెరవ్యాధికి ఇన్సులిను గాని, మాత్రలు గాని తీసికొనువారు పరగడుపున దూరము నడువరాదు. చక్కెర పడిపోవు ప్రమాదమున్నది. వారు వైద్యునడిగి వేళ నిర్ణయించుకొని, చిన్న బెల్లపు ముక్కయో, చక్కెరయో కొంగున ముడివేసికొని పోవలెను. పాదములకు స్పర్శ తగ్గినవారు చెప్పులు లేక నడువరాదు. ఇంటికి వచ్చి పాదముల అడుగుభాగమును చూచుకొనవలెను.

నడుచుటకు చోటు లేదందు రేమో. 2020 మొదలు తెలంగాణ గ్రామములలో పల్లె ప్రకృతి వనములు వెలసినవి. చెఱువుకట్టలున్నవి, బడి మైదానములున్నవి. సెలవు దినమున పిల్లలతో అలీసాగరు తోటకు పోయిన, పిల్లలతోపాటు తల్లియు నడచును. చోటుకంటె కష్టమైనది గడప దాటుట. "ఇంత పొద్దుగాల యాడికి పోతున్నవే?" అను ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేక ఆగిపోయిన నడకలు, మోకాలినొప్పితో ఆగినవానికంటె ఎక్కువయేమో. ఏ ప్రోగ్రామును అత్తగారి ప్రశ్నకు జవాబు చెప్పజాలదు. అత్తగారిని గూడ వెంట దీసికొనిపోవుట మంచి యుపాయము. వారి మోకాళ్లకును పని దొరకును, వాడలోని వార్తలును దొరకును. మగవారితో మాట యొక్కటి: ఉదయమున ఇరువది నిమిషములు పాలు కాచి, పిల్లలకు జడలు వేయువారుండిన, ఆ యింటి యాలికి ఏ యాప్ అయినను పనిచేయును. జడలు వేయుట రాదందురా, ఫోనులో అదియు నేర్పుచున్నారు.

బతుకమ్మ దినములు వచ్చుచున్నవి. తొమ్మిది రాత్రులు చప్పట్లు చఱచుచు, వంగి లేచుచు, గుండ్రముగా తిరుగుచు ఆడు ఆ యాట ఓపికమీఱ గంటసేపు సాగినచో, అది యొక మోస్తరు శ్రమయే. పట్టుచీరతో ఫోనును నడుమునకు కట్టుకొని యెవరును ఆడరు గనుక, సద్దుల బతుకమ్మ మఱునాడు "నిన్న మీరు కదలలేదు" అని యాప్ కినుక చూపవచ్చును. చాల యాప్‌లలో చేతితో వ్రాసికొనుటకు ఒక గడి యుండును. ఆ జాబితాలో నాట్యమని యొక పదము వెదకి, దాని యెదుట "60 నిమిషములు" అని వేసికొనుడు.